మురుగునీటి ప్లాంట్‌కి ఎంతమంది కావాలి, ఎవరికి ఏ అర్హత ఉండాలి: లెక్క వేసే పద్ధతి

ప్లాంట్‌కి ఎంతమంది కావాలో అడగడానికి వచ్చేవాళ్ళు ముందుగా చెప్పేది రోజుకు ఎన్ని మిలియన్ లీటర్ల నీరు వస్తుందో ఆ లెక్క, అంటే ఎంఎల్‌డీ. "పది ఎంఎల్‌డీ అండీ, పదిమంది సరిపోతారా?" అంటారు. నీటి పరిమాణం ఒక్కటే చూస్తే ఈ లెక్క తేలదు. అదే పది ఎంఎల్‌డీ నీరు పెద్ద చెరువుల్లాంటి స్టెబిలైజేషన్ పాండ్స్‌లోకి వెళ్తుంటే గట్లు చూసుకోవడం, గడ్డి తీయించడం, తెట్టు తొలగించడం, శాంపిళ్ళు పట్టడం... చాలావరకు పగటి పని. గాలి ఊది సూక్ష్మజీవులతో నీటిని శుద్ధి చేసే యాక్టివేటెడ్ స్లడ్జ్ ప్లాంట్ అయితే రాత్రి రెండు గంటలకు బ్లోయర్ (గాలి ఊదే యంత్రం) ట్రిప్ అయినా ఎవరో ఒకరు వెంటనే చూడాలి, తెల్లారేదాకా ఆగితే ట్యాంక్‌లో ఉన్న సూక్ష్మజీవులకు గాలి అందదు. కాబట్టి ముందు ప్రాసెస్ ఏమిటో అడగండి, తర్వాతే పరిమాణం.

నేను చాలా ఏళ్ళు షిఫ్ట్ ఇన్‌చార్జ్‌గా చేశాను. ఇప్పుడు కొత్త ప్లాంట్లకు సిబ్బంది ప్రణాళికలు రాసిస్తున్నాను. ఆ పని నేను ఏ వరుసలో చేస్తానో అదే వరుసలో ఇక్కడ చెబుతాను.

మొట్టమొదట ప్లాంట్‌కి ఇచ్చిన అనుమతి పత్రం తీసి చదవండి. మనుషుల గురించిన షరతులు చాలాసార్లు చివరి పేజీల్లో ఉంటాయి. ఇన్‌చార్జ్‌కి ఏ సర్టిఫికెట్ ఉండాలి, ఎన్ని గంటలు ప్లాంట్‌లో ఉండాలి, మారితే ఎన్ని రోజుల్లో తెలియజేయాలి అనేవి విడిగా రాసుకోండి. అందులో లేకపోతే మీ ప్రాంతంలో ఆపరేటర్ల సర్టిఫికెట్ నిబంధనలు ఏవి వర్తిస్తాయో చూడండి. ఇవి దేశానికొక రకం. అమెరికాలో తాగునీటి ఆపరేటర్లకు జాతీయ స్థాయిలో మార్గదర్శకాలు ఉన్నాయి గానీ మురుగునీటి ఆపరేటర్ల సర్టిఫికెట్ విషయం రాష్ట్రాలే చూసుకుంటాయి. అందుకే ఒకచోట చెల్లిన సర్టిఫికెట్ ఇంకోచోట చెల్లుతుందని ముందే అనుకోవద్దు.

చాలాచోట్ల ప్లాంట్‌కే ఒక గ్రేడ్ ఇస్తారు. అమెరికాలో ఎక్కువగా వాడే నమూనాలో ఒక్కో యూనిట్‌కి పాయింట్లు ఉంటాయి: రాళ్ళ మీదుగా నీరు జార్చి శుద్ధి చేసే ట్రిక్లింగ్ ఫిల్టర్‌కి 10, యాక్టివేటెడ్ స్లడ్జ్‌కి 15, అలాగే జనాభా, ప్రవాహం, స్లడ్జ్ (శుద్ధిలో చేరే బురద) పనులు, క్రిమిసంహారం, ల్యాబ్ పరీక్షలు వేటికవి. మొత్తం 30 లోపు వస్తే ఒకటో తరగతి, 31 నుంచి 55 రెండు, 56 నుంచి 75 మూడు, 76, ఆపైన వస్తే నాలుగు. మీ దగ్గర ఇలాంటి పట్టిక లేకపోయినా ఒకసారి దీనితో లెక్క వేసి చూడండి. చిన్న ప్లాంట్ అనుకున్నదాంట్లో ఎంత చిక్కుపని ఉందో అప్పుడు తెలుస్తుంది.

తర్వాత ఇన్‌చార్జ్. ఇక్కడ రెండు బాధ్యతలు ఉన్నాయి, వాటిని కలపవద్దు. ఒకరు ప్లాంట్ మొత్తానికి జవాబుదారీ. ఇంకొకరు ఆ షిఫ్ట్‌లో నిర్ణయం తీసుకునే మనిషి. కెనడాలోని ఒంటారియో నిబంధనలు ఈ తేడాను స్పష్టంగా పెట్టాయి. అక్కడ మొత్తం బాధ్యత తీసుకునే ఆపరేటర్ లైసెన్స్ తరగతి ప్లాంట్ తరగతికి తగ్గకూడదు. మీ దగ్గర చట్టం అడగకపోయినా ఇది పాటించండి.

సర్టిఫికెట్ చేతికి వచ్చాక నాలుగు చూడండి. గడువు ఎప్పటివరకు ఉంది, ఏ తరగతి, రెన్యూవల్‌కి కావాల్సిన శిక్షణ గంటలు పూర్తయ్యాయా, ముఖ్యంగా అది దేనికి ఇచ్చిన సర్టిఫికెట్. తాగునీటి శుద్ధి, మురుగు పైపులైన్ల నిర్వహణ, మురుగునీటి శుద్ధి వేర్వేరు సర్టిఫికెట్లుగా ఉండేచోట్లు చాలా ఉన్నాయి. తాగునీటి ప్లాంట్‌లో ఇరవై ఏళ్ళు చేసినవారు గొప్ప పనిమంతులే కావచ్చు. స్లడ్జ్‌తో వారికి పరిచయం ఉండాలని లేదు.

ఇక నాకు నిజంగా కోపం తెప్పించే విషయం. ఒక కాంట్రాక్టర్ దగ్గర ఒకే అర్హత గల మనిషి పేరు మూడు ప్లాంట్ల కాగితాల్లో ఉండటం చూశాను. మూడుచోట్లా ఆయనే పూర్తికాలం ఇన్‌చార్జ్. రాత్రి షిఫ్ట్‌లో ఉన్న కుర్రాడికి ఆయన ఫోన్ నంబర్ కూడా తెలియదు. తనిఖీకి వచ్చినవాళ్ళకు చూపించడానికి ఆ పేరు పనికొచ్చింది, ఆ కుర్రాడికి పనికిరాలేదు. అందుకే కాంట్రాక్ట్‌లో ఇన్‌చార్జ్ పేరుతో పాటు హాజరు గంటలు, పిలిస్తే ఎంతసేపట్లో చేరుకోవాలి, ఆయన సెలవులో ఉంటే బదులు ఎవరు అనేవి రాయించండి. బదులు వచ్చే మనిషి సర్టిఫికెట్ నకలు కూడా అదే ఫైల్‌లో ఉండాలి.

ఇప్పుడు అసలు లెక్క. దీనిలో రెండు రకాలు ఉన్నాయి.

మొదటిది హాజరు లెక్క, అంటే ఒక స్థానం ఎప్పుడూ ఖాళీగా ఉండకూడదు అన్నప్పుడు వేసేది. సంవత్సరానికి 8,760 గంటలు. వారానికి ఐదు రోజుల పని అయితే ఒక మనిషికి 260 రోజులు, అందులో పండుగలు, సెలవులు, జబ్బు కలిపి 29 రోజులు తీసేస్తే 231 రోజులు. రోజుకు 8 గంటల చొప్పున 1,848 గంటలు. 8,760ని దీంతో భాగిస్తే 4.7. ఆరు రోజుల వారం అయితే 284 రోజులు, 2,272 గంటలు, భాగిస్తే 3.9. మూడు షిఫ్టులు కాబట్టి ముగ్గురు చాలు అనేవాళ్ళకు ఈ లెక్క చూపించండి. ఒక్క స్థానానికే నలుగురు లేదా ఐదుగురు. ముగ్గురితో మొదలుపెడితే రిలీవర్ ఉండడు, మొదటి జ్వరంతోనే డబుల్ డ్యూటీ మొదలవుతుంది. పదహారో గంటలో ఉన్న మనిషి లాగ్‌బుక్‌లో రాసే రీడింగులను నేను నమ్మను. అది ఆ మనిషి తప్పు కాదు.

రెండోది పని లెక్క. ప్రతి పనికి ఏడాదికి ఎన్ని గంటలు పడుతుందో రాసి కూడటం. అమెరికా ఈశాన్య రాష్ట్రాల నీటి కమిషన్ 2008లో ఇచ్చిన సిబ్బంది అంచనా గైడ్ ఈ పద్ధతిలోనే వెళ్తుంది. ఒక మనిషికి ఏడాదికి 1,500 గంటల అసలు పని అని తీసుకుంటుంది. ఎందుకంటే ఎనిమిది గంటల డ్యూటీలో టీ, భోజనం, హ్యాండోవర్, స్నానం పోగా చేతికి వచ్చేది ఆరున్నర గంటలు. ఒక ఉదాహరణ చూడండి. స్క్రీన్ (చెత్తను ఆపే జాలీ) శుభ్రం చేయడం షిఫ్ట్‌కి రెండుసార్లు, ఒక్కోసారి అరగంట. వినడానికి చిన్న పని. రోజుకు మూడు గంటలు, ఏడాదికి 1,095 గంటలు. అంటే ముప్పావు మనిషి కేవలం స్క్రీన్ దగ్గరే. ఇలా గ్రిట్ (ఇసుక) తీయడం, డీఓ (నీటిలో కరిగిన ఆక్సిజన్) మీటర్ ప్రోబ్ కడగడం, పంపుల గ్రీజింగ్, పాలిమర్ (స్లడ్జ్ నుంచి నీరు విడదీసే రసాయనం) కలపడం, స్లడ్జ్ లోడింగ్ అన్నీ రాయండి. వాచ్‌తో నిలబడి కొలిచి రాయండి, గుర్తున్నంత వేయవద్దు.

హాజరు లెక్కకూ పని లెక్కకూ ఏది ఎక్కువ వస్తే అది మీ కనీస సంఖ్య.

దీనిమీద భద్రత లెక్క ఒకటి వస్తుంది, దాన్ని తగ్గించే హక్కు ఎవరికీ లేదు. వెట్ వెల్ (మురుగునీరు చేరే గుంత), మ్యాన్‌హోల్, డైజెస్టర్ (స్లడ్జ్‌ని కుళ్ళబెట్టే ట్యాంక్) లాంటి మూసుకున్న చోట్ల ఒంటరిగా ఎవరూ దిగకూడదు. దిగక ముందు గాలి పరీక్ష వరుసగా ఆక్సిజన్, మండే వాయువులు, విష వాయువులు. ఆక్సిజన్ 19.5 శాతం కంటే తక్కువ ఉంటే దిగకూడదు. హైడ్రోజన్ సల్ఫైడ్ కుళ్ళిన గుడ్డు వాసన వేస్తుందని అందరికీ తెలుసు. 100 పీపీఎం (గాలిలో పది లక్షల వంతుల్లో వంద వంతులు) దగ్గరికి వచ్చేసరికి ముక్కు పనిచేయడం మానేస్తుందని చాలామందికి తెలియదు. వాసన పోయింది కదా అని దిగుతారు. పైన కాపలా ఉన్న మనిషి పని కేవలం కాపలా. లోపల ఎవరైనా పడిపోతే అతను కూడా దూకకూడదు, ట్రైపాడ్ తాడుతో లాగాలి, సహాయం పిలవాలి. అందుకని అలాంటి పనులు తక్కువ మంది ఉండే రాత్రి షిఫ్ట్‌లో పెట్టనే పెట్టవద్దు. భారతదేశంలో సీవర్, సెప్టిక్ ట్యాంక్‌లలో రక్షణ పరికరాలు లేకుండా మనుషుల చేత శుభ్రం చేయించడాన్ని 2013 చట్టం నిషేధించింది. "ఎప్పుడూ ఇలాగే చేస్తాం" అనే మాటకు చట్టంలోనూ చోటు లేదు.

ప్రత్యేక అర్హత కావాల్సిన మిగతావాళ్ళ గురించి త్వరగా చెప్తాను. ప్యానెల్ తెరిచేది లైసెన్స్ ఉన్న ఎలక్ట్రీషియన్ మాత్రమే. క్లోరిన్ గ్యాస్ వాడితే ప్రతి షిఫ్ట్‌లోనూ లీక్ విషయంలో శిక్షణ పొందినవారు ఉండాలి, శ్వాస పరికరం వేసుకుని అభ్యాసం చేసి ఉండాలి. క్లోరిన్ గాలికంటే రెండున్నర రెట్లు బరువు, నేలమీదే పాకుతుంది. ల్యాబ్‌లో కెమిస్ట్‌కి సైన్స్ డిగ్రీ ఉండటం మంచిది. అంతకంటే ముఖ్యం, ఫలితం బాగాలేనప్పుడు అలాగే రాయగలిగే స్వేచ్ఛ. ఆ మనిషి షిఫ్ట్ ఇన్‌చార్జ్ కింద కాకుండా నేరుగా పైవారికి రిపోర్ట్ చేసేలా పెట్టండి.

ఆపరేటర్‌ని తీసుకునేటప్పుడు ఇంటర్వ్యూ గదిలో చేయవద్దు. ఏరేషన్ ట్యాంక్ దగ్గరికి తీసుకెళ్ళండి. వెయ్యి మిల్లీలీటర్ల సిలిండర్ చేతికిచ్చి శాంపిల్ పట్టమనండి. అరగంట నిలబెట్టండి. ఆ అరగంటలో ఆ మనిషి ఏం చేస్తాడో చూడటమే నాకు ఇష్టమైన పరీక్ష. పని తెలిసినవాడు మొదటి ఐదు నిమిషాలు కళ్ళు తిప్పడు, స్లడ్జ్ ఎంత వేగంగా దిగుతోంది, పైన నీరు తేటగా ఉందా, గుంపులు కడుతోందా చూస్తాడు. అరగంట తర్వాత స్లడ్జ్ 300 మిల్లీలీటర్ల గీత దగ్గర ఆగిందనుకుందాం. ఎంఎల్‌ఎస్ఎస్ (ఆ ట్యాంక్ నీటిలో తేలే ఘనపదార్థం) లీటరుకు 3,000 మిల్లీగ్రాములు ఉంటే ఎస్‌వీఐ (స్లడ్జ్ ఎంత బాగా దిగుతుందో చెప్పే సూచిక) ఎంత అని అడగండి. 300ని వెయ్యితో గుణించి 3,000తో భాగిస్తే 100, బాగుంది. అదే 600 దగ్గర ఆగితే 200, స్లడ్జ్ ఉబ్బింది, దిగడం లేదు. అప్పుడు ఏం చూస్తావు అని అడగండి. "డీఓ చూస్తాను, లోపలికి వచ్చే నీటిలో ఏమైనా మారిందా చూస్తాను, మైక్రోస్కోప్ కింద పోగులాంటి సూక్ష్మజీవులు ఎక్కువయ్యాయా చూస్తాను" అంటే కూర్చోబెట్టి టీ ఇవ్వండి. "రేపు బీఓడీ రిపోర్ట్ రానివ్వండి" అంటే ఇంకొంచెం నేర్పాలి. బీఓడీ అంటే నీటిలోని మలినాన్ని తినడానికి సూక్ష్మజీవులకు ఎంత ఆక్సిజన్ కావాలో కొలిచే పరీక్ష, దానికే రోజులు పడుతుంది, 20 డిగ్రీల పద్ధతిలో ఐదు రోజులు. అప్పటికి మీ క్లారిఫయర్ (స్లడ్జ్ అడుక్కి దిగే ట్యాంక్) మీద నుంచి స్లడ్జ్ బయటికి పోయి ఉంటుంది.

సర్టిఫికెట్ లేని కొత్తవాళ్ళను శిక్షణలో పెట్టుకోవడం తప్పు కాదు, పెట్టుకోవాలి కూడా. వాళ్ళను మాత్రం షిఫ్ట్ సంఖ్యలో లెక్కపెట్టవద్దు. వాళ్ళ అనుభవ గంటలు ఎవరి పర్యవేక్షణలో, ఏ యూనిట్ దగ్గర చేశారో సంతకంతో నమోదు చేయించండి. పరీక్షకు అప్లై చేసేటప్పుడు అనుభవం రుజువు అడుగుతారు. ఆ పుస్తకం లేక ఏళ్ళ తరబడి పనిచేసినవాళ్ళు కూడా వెనకబడిపోవడం చూస్తే బాధేస్తుంది.

షిఫ్ట్‌లు మారేటప్పుడు పదిహేను నిమిషాలు ఇద్దరూ కలిసి ఉండేలా జీతంలో కలిపి రాయండి. ఏ పంపు ఆగి ఉంది, ఎందుకు, ఏ వాల్వ్ మూశారు, ఏ పనికి ఇచ్చిన పర్మిట్ ఇంకా ముగియలేదు, ఇవి నోటితో చెప్పి లాగ్‌బుక్‌లో ఇద్దరూ సంతకం పెట్టాలి.

ఈ లెక్కను ఏడాదికొకసారి మళ్ళీ వేయండి. ప్లాంట్‌లో కొత్త యూనిట్ కడుతున్నప్పుడైతే అది మొదలుకాక ముందే వేయండి. ఫిల్టర్లు, డైజెస్టర్ లాంటివి చేరితే పాయింట్లు పెరుగుతాయి, ప్లాంట్ పై తరగతికి వెళ్ళవచ్చు. అప్పుడు ఇప్పటి ఇన్‌చార్జ్ సర్టిఫికెట్ సరిపోకపోవచ్చు. పై తరగతి పరీక్షకు ఏళ్ళ అనుభవం అడుగుతారు కనుక, టెండర్ పిలిచే రోజే ఆ మనిషి పరీక్ష తేదీ కూడా చూసుకోండి.