చాయ్ రుచి తేడా కొట్టినప్పుడు: చాయ్‌పత్తికి మార్కులు వేసే ముందు

నల్లగొండ, పాలమూరు దిక్కున తేయాకు పండదు. అస్సాం, డార్జిలింగ్, నీలగిరి కొండల నుంచి వచ్చిన చాయ్‌పత్తి ఇక్కడి నీళ్లలో మరుగుతుంది, ఇక్కడి తిండి తిన్న నాలుక దాన్ని తూకం వేస్తుంది. అందుకని రివ్యూ రాయడానికి తెచ్చిన కొత్త పత్తి నచ్చకపోతే ముందు నీళ్లను అనుమానించాలి, తర్వాత కొలతను, పాలను, డబ్బాను, నాలుకను. పత్తి వంతు ఆఖరున. కింది సమస్యలు కూడా దాదాపు ఆ వరుసలోనే ఉన్నాయి.

పాలు పోయని చాయ్ మీద తెట్టు, గిలాస అంచుకు గోధుమరంగు గీత

పత్తి కల్తీదని చాలామంది దీన్ని చూసే తీర్పు చెప్తారు. అసలు కారణం బోరునీళ్లు. వాటిలోని కాల్షియం, బైకార్బొనేట్‌లకు చాయ్‌లో వగరునిచ్చే పాలీఫినాల్స్, పైన గాలిలోని ఆక్సిజన్ తోడై పలచటి పొర కడుతుంది. ఇవే నీళ్లు డికాషన్‌ను నల్లబరుస్తాయి కూడా. రంగు బాగా దిగిందని మార్కులు పడతాయి, తాగితే జీవం ఉండదు. తేల్చుకోవాలంటే అదే పత్తిని, అదే కొలతలో ఒక కప్పు బోరునీళ్లతో, ఒక కప్పు ఫిల్టర్ నీళ్లతో పక్కపక్కనే పెట్టి చూడండి. తెట్టు ఒక్కదాంట్లోనే కడితే పత్తిది తప్పు కాదు.

మిషన్ భగీరథ నల్లా నీళ్లు వాడితే మూత లేని గిన్నెలో రాత్రంతా ఉంచండి, క్లోరిన్ వాసన చాలావరకు పోతుంది. గట్టి నీళ్లే దిక్కయితే 5 నిమిషాలు మరిగించి, చల్లారాక అడుగున దిగిన తెల్లటి పొడిని కదపకుండా పైతేట తీసుకోండి. కాఠిన్యంలో కొంత భాగం అట్లా దిగిపోతుంది.

ఫ్లోరైడ్ సంగతి వేరు. బోరునీళ్లలో దొరికే మోతాదులో అది రుచికి తెలియదు, నాలుకకు తగిలే ఉప్పదనం వేరే లవణాలది. మరిగిస్తే పోదు, నీళ్లు ఇగిరేకొద్దీ ఇంకా చిక్కబడుతుంది. పైగా తేయాకు మొక్క నేలలోని ఫ్లోరైడ్‌ను ఆకుల్లో దాచుకుంటుంది, ముదురాకుల్లో మరీ ఎక్కువ. తాగునీటికి మన దేశ ప్రమాణం లీటరుకు 1 మిల్లీగ్రాము, వేరే దారి లేనప్పుడు 1.5 దాకా. పటిక, సున్నం వేసి ఫ్లోరైడ్‌ను దించే పద్ధతికి నీరీ (జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ) పెట్టిన పేరే ‘నల్లగొండ టెక్నిక్’. రోజుకు ఐదారు రకాలు కాచి చూసే అలవాటున్నవాళ్లు పరీక్ష చేయించని బోరునీళ్ల జోలికి పోకపోవడమే మంచిది.

రంగు మెరుస్తోంది, రుచి మాత్రం డొల్ల

ఇది 20 లీటర్ల క్యాన్ నీళ్ల జబ్బు. ఆర్వో యంత్రం లవణాలను మరీ ఎక్కువగా తీసేస్తే చాయ్‌లో వగరు సూదిలా పొడుచుకొస్తుంది, నోటికి చిక్కదనం తగలదు. నీళ్లలో కరిగిన లవణాలను చూపించే చిన్న టీడీఎస్ మీటరు ఒకటి కొనుక్కోండి. 80 నుంచి 150 మధ్య చూపిస్తే చాయ్‌కి సుఖం. క్యాన్ నీళ్లు 40, నల్లా నీళ్లు 250 చూపిస్తున్నాయనుకుందాం. రెండు వంతుల క్యాన్ నీళ్లకు ఒక వంతు నల్లా నీళ్లు కలిపితే 110కి వస్తుంది. కలపడానికి బోరునీళ్లు వద్దు, ఎందుకో పైన చెప్పుకున్నాం.

చేదెక్కింది, నోరంతా పట్టేసింది

రివ్యూలో చేదు, వగరు ఒకటే అన్నట్టు రాస్తుంటారు. చేదు రుచి. వగరు రుచి కంటే స్పర్శ, నేరేడు పండ్లు తిన్నాక నాలుక ముడుచుకుపోయినట్టుండేది. మంచి అస్సాం పత్తిలో వగరు ఉండాల్సిందే. అది గుటక దిగాక లాలాజలం ఊరించి వదిలేస్తే చురుకు అనాలి, పది నిమిషాలైనా నాలుకను వదలకపోతేనే లోపం.

లోపమైతే మూడింటిలో ఒకటి: పత్తి ఎక్కువ, సమయం ఎక్కువ, వేడి ఎక్కువ.

పత్తి ఎక్కువ కావడానికి చెంచాయే కారణం. సీటీసీ (ఆకును యంత్రంలో నలిపి, చింపి, చుట్టిన పత్తి) గుళ్లు సమంగా గీసిన టీచెంచాకు 2 గ్రాముల పైనే తూగుతాయి. పొడవాకు ఆర్థడాక్స్ అదే చెంచాకు సగం వరకే వస్తుంది. రెండింటికీ ఒకే చెంచా పెట్టి ఒకటి కడక్, ఒకటి నీళ్లు అని రాస్తే ఆ పోలికకు అర్థం లేదు. బంగారం తూచేలాంటి చిన్న ఎలక్ట్రానిక్ కాటా లేకపోతే 25 గ్రాముల పొట్లాన్ని కాగితం మీద సగం, దాన్ని మళ్లీ సగం చేసుకుంటూ పొండి. మూడోసారికి ఒక్కో కుప్ప 3 గ్రాముల చిల్లర ఉంటుంది.

సమయానికి వస్తే, చాయ్ రుచి పరీక్షకున్న అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్‌వో 3103, 100 మిల్లీలీటర్ల సలసల మరిగే నీళ్లకు 2 గ్రాములు, 6 నిమిషాలు అంటుంది. ఆ డికాషన్ లోపాలు బయటపెట్టడానికే, కమ్మగా తాగడానికి కాదు. తాగడానికైతే 200 మిల్లీలీటర్లకు రెండున్నర గ్రాములు, 3 నుంచి 4 నిమిషాలు. ఏ కొలతతో కాచారో రివ్యూలో రాయండి, లేకపోతే చదివేవాళ్లకు అది పనికిరాదు.

వేడి ఎక్కువై చెడేది ముఖ్యంగా గ్రీన్ టీ. దానికి 80 డిగ్రీలు చాలు. థర్మామీటరు లేకున్నా పర్వాలేదు: మూడు వంతులు మరిగిన నీళ్లు, ఒక వంతు కుండలో నీళ్లు. కలిపాకే ఆకు వేయాలి, 2 నిమిషాలకు వడకట్టాలి.

అంత ఖరీదు పెట్టిన డార్జిలింగ్‌లో దమ్ము లేదు

బొగోనిలో పాలు, చక్కెర వేసి మరిగించి ఉంటారు. మొదటి కోత డార్జిలింగ్ ఫిబ్రవరి ఆఖరు నుంచి ఏప్రిల్ దాకా తెంపే లేతాకు, దానిలో ఉన్నదంతా వాసనే, మరిగితే ఆవిరితో పోతుంది. పాలలోని కేసిన్ అనే మాంసకృత్తి మిగిలిన ఆ కాస్త వగరును పట్టేస్తుంది. 150 మిల్లీలీటర్లకు 2 గ్రాములు, 90 డిగ్రీలు, 3 నిమిషాలు, పాలు లేకుండా తాగి చూడండి. అయినా నచ్చకపోతే మీ ఇష్టం కడక్ చాయ్ వైపుందన్నమాట. ‘నాకు నచ్చలేదు’ ఒక వాక్యం, ‘పత్తిలో లోపం ఉంది’ ఇంకో వాక్యం. రివ్యూలో వేర్వేరుగా రాయాలి.

పాల చాయ్ ఒకరోజు చిక్కన, ఒకరోజు పల్చన

పాలు మారాయి. టోన్డ్ పాలలో కొవ్వు 3 శాతం, ఫుల్ క్రీమ్‌లో 6, ఇంటి బర్రె పాలైతే ఇంకా ఎక్కువ కూడా ఉండొచ్చు. పోల్చేటప్పుడు ఒకే రకం పాలు వాడండి. రెండు కప్పులకు నీళ్లు 200, టోన్డ్ పాలు 100 మిల్లీలీటర్లు, సీటీసీ 5 గ్రాములు. పత్తి ముందు నీళ్లలో 2 నిమిషాలు మరగాలి, పాలు పోశాక రెండు పొంగులు చాలు.

అల్లం వేయగానే పాలు విరిగాయి

పచ్చి అల్లంలో మాంసకృత్తులను కోసే ఎంజైమ్ ఉంటుంది. అల్లాన్ని నీళ్లలో 3 నిమిషాలు తెర్లనిస్తే దాని పని అయిపోతుంది, ఆ తర్వాతే పాలు. బెల్లమైతే స్టవ్ ఆర్పాక, గిలాసలో కలపండి.

చల్లారాక మసకబారింది

లోపం కాదు. కెఫీన్, చాయ్‌కి రంగు, చురుకు ఇచ్చే థియాఫ్లావిన్లు జతకట్టి తేలే మసక అది, గట్టి అస్సాం పత్తికి మంచి గుర్తు. మళ్లీ వేడిచేస్తే తేటపడుతుంది. వేడిమీదే మసకగా ఉంటే మాత్రం నీళ్లనో, జాలి దాటి వచ్చిన డస్ట్‌నో చూడాలి.

చాయ్‌లో ఇంగువ, అగరుబత్తి, సబ్బు

తేయాకు పక్కనున్న వాసనను లాగేసుకుంటుంది. కిరాణంలో మసాలా బస్తాల నడుమ విప్పి ఉన్న లూజు పత్తి, ఇంట్లో పోపులపెట్టె పక్కన ప్లాస్టిక్ డబ్బా, ఫ్లాస్కు మూత రబ్బరు, మూడూ అనుమానితులే. డబ్బా ఖాళీ చేసి మూతపెట్టి గంట ఉంచి తెరిచి వాసన చూడండి. వాసన వస్తే డబ్బాదే తప్పు. పత్తికి స్టీలు డబ్బా, బిగుతు మూత, పొయ్యికి దూరం. రుచి చూసేది పేపర్ కప్పులో వద్దు, తెల్ల పింగాణీ కప్పు కావాలి.

అదే పత్తికి నిన్న ఎనిమిది మార్కులు, ఇయ్యాల ఐదు

గోంగూర పచ్చడి, పచ్చి ఉల్లిగడ్డ, పాన్, బీడీ. ఇవి నోట్లో పడ్డాక కనీసం గంట ఆగండి. గోరువెచ్చని నీళ్లతో పుక్కిలించి, నాలుగు ఉప్పులేని మరమరాలు నమిలి మొదలుపెట్టండి. చాయ్ నోరు కాలేంత వేడిగా ఉంటే రుచి తెలియదు, కాస్త చల్లారనిచ్చి చెంచాతో సర్రున జుర్రాలి. చప్పుడు వస్తే మొహమాటపడొద్దు, వాసన ముక్కు వెనక్కి ఎక్కేది ఆ గాలితోనే. మొదటి గుటక చక్కెర లేకుండా. ప్రతిసారీ రోజూ తాగే సీటీసీ ఒకటి గీటురాయిగా పక్కన పెట్టి, కప్పుల అడుగున నంబర్లు వేసి, ఇంకొకరితో తారుమారు చేయించండి. గీటురాయికే మార్కులు అటూఇటూ అయితే ఆ రోజు రివ్యూ రాయకండి.

అన్నీ సరిచూసినా బాగలేదు

ఇప్పుడు పత్తి దగ్గరికి రావచ్చు. మాడు వాసన వస్తే ఫ్యాక్టరీలో ఆరబెట్టే వేడి ఎక్కువైంది. పచ్చివాసన, గరగర ఉంటే ఆకు వాడిపోవడం, పులియడం చాలలేదు. మెత్తగా, చురుకు లేకుండా ఉంటే పులియడం ఎక్కువై ఉండొచ్చు. పాత బియ్యంలా ముక్కిన వాసన వస్తే తేమ తగిలింది, వానాకాలంలో ఇది మామూలే. వడపోత కాగితం మీద చిటికెడు పత్తి వేసి నీళ్లు చల్లండి. ముట్టగానే రంగు కారితే ఒకసారి కాచిన పత్తికి రంగేసి అమ్మారని అనుమానించాలి. ఇనుపరజను కోసం పొడి పత్తి మీద అయస్కాంతం తిప్పండి. ఏదీ తేలకపోతే ప్యాకెట్ మీది తయారీ తేదీ, బ్యాచ్ నంబరు రాసిపెట్టుకుని, అదే పత్తి ఇంకో బ్యాచ్‌ది తెచ్చి కాచాకే తక్కువ మార్కులు వేయండి.