చెన్నై అద్దింట్లో వాటర్‌కలర్ సాధన ఆగిపోకుండా ఉండాలంటే

బొమ్మలు వేయడం మానేసినవాళ్ళను ఎవరినడిగినా టైం లేదంటారు. కానీ వేళచ్చేరి ట్రాఫిక్‌లో ఈదుకుంటూ ఇల్లు చేరిన మనిషికీ ఫోను చూడ్డానికి అరగంట దొరుకుతుంది. అసలు అడ్డం మొదలుపెట్టే ముందు పడాల్సిన తతంగం. బీరువా మీంచి సంచి దించాలి, భోజనాల బల్ల ఖాళీ చేయాలి, పాత వార్తాపత్రిక వెతకాలి. ఇరవై నిమిషాల బొమ్మకు పావుగంట ఏర్పాట్లయితే ఏ అలవాటైనా వారం తిరక్కుండా ఆగిపోతుంది. కాబట్టి గురి ఒక్కటే పెట్టుకోండి: కూర్చున్న రెండు నిమిషాల్లో కుంచె తడవాలి.

పరీక్షలకు వాడే క్లిప్పు అట్ట, 8వ నంబరు గుండ్రటి కుంచె, మూత బిగుతుగా పట్టే నీళ్ళ సీసా, పాత నూలు గుడ్డ ఒకే ట్రేలో ఎప్పుడూ సిద్ధంగా ఉండాలి. రంగులు నాలుగు చాలు: లెమన్ ఎల్లో, క్రిమ్సన్, అల్ట్రామెరీన్ బ్లూ, బర్న్ట్ సియెనా (ఎర్రటి గోధుమ రంగు). చివరి రెండూ చిక్కగా కలిపితే నలుపుకు దగ్గరగా వస్తుంది, పలచన చేస్తే మంచి బూడిద రంగులు. 24 రంగుల పెట్టె కొంటే ఏది వాడాలా అన్నదగ్గరే సాయంత్రం గడిచిపోతుంది.

300 జీఎస్‌ఎం (చదరపు మీటరుకు 300 గ్రాములు తూగే మందపాటి) ఏ3 కాగితాన్ని ఎనిమిది ముక్కలు చేస్తే ఒక్కోటి 105 × 148 మి.మీ. వస్తుంది. ఆ కొలతలో బొమ్మ ఒక కూర్చోడంలో పూర్తవుతుంది. ఆదివారమే కోసి అట్టకు పెట్టేయండి. రోజువారీకి మామూలు చెక్క గుజ్జు కాగితం సరిపోతుంది. కాకపోతే దాని మీద రెండో పూత వేస్తే కింది పూత లేచిపోతుంది. అది మీ చేతి తప్పు కాదు, కాగితం తీరే అంత. పూర్తి కాటన్ కాగితం ఖరీదు, దాన్ని చూస్తే చేతికి భయం. చిన్న ముక్క మీద బాగా కుదిరినదాన్ని పెద్దగా వేసేటప్పుడు తీయండి.

ఇక ఈ ఊళ్ళో సగం సాధనను చంపేది తేమ. కాగితానికి తయారీలోనే జిగురు పట్టిస్తారు, నీటిని వెంటనే పీల్చకుండా ఆపేది అదే. తేమలో నెలల తరబడి ఉంటే అది అక్కడక్కడా పాడవుతుంది. పలచటి పూత వేయగానే దోమ కుట్టినట్టు ముదురు చుక్కలు తేలితే కారణం ఇదే. బొమ్మ మొదలెట్టకముందే ఒక మూల పూత వేసి చూడండి. చుక్కలొస్తే ఆ కట్టను పెన్సిలుకీ పెన్నుకీ వాడుకోండి, పారేయక్కర్లేదు. కొత్త కాగితాన్ని జిప్ కవర్లో సిలికా జెల్‌తో దాచండి. నారింజ రంగు గింజలు ముదురు పచ్చకు తిరిగితే తేమతో నిండిపోయాయని గుర్తు.

తడి రంగుల పెట్టెకు మూత పెట్టారో, బూజు ఖాయం. పని అయ్యాక రాత్రంతా ఫ్యాను కింద తెరిచే ఉంచండి (బొద్దింకలుంటే పైన జల్లెడ బోర్లించండి). ట్యూబు రంగును పెట్టె గుంటలో ఒకేసారి నింపకండి. పలచగా పిండి, ఆరాక మళ్ళీ పిండండి. తేనె కలిపిన రంగులు ఇక్కడ ఎప్పటికీ జిగటగానే ఉంటాయి, వాటి జోలికి పోకపోవడమే మేలు. కుంచెను నిలబెట్టి ఆరబెడితే నీరు లోహపు తొడుగులోకి దిగి జిగురు వదులవుతుంది, పడుకోబెట్టండి. బోరు నీళ్ళలో లవణాలు ఎక్కువ, అల్ట్రామెరీన్ మరీ గింజగింజగా విడిపోతుంది. తాగే క్యాన్ నీళ్ళు ఒక గ్లాసు తీసుకుంటే సరి.

వానల నెలల్లో పూత ఆరడం మహా ఆలస్యం. ఓపిక పట్టలేక సగం తడి మీద మళ్ళీ నీళ్ళ కుంచె పెడితే కాలీఫ్లవర్ పువ్వులా వంకర అంచుల మరకలు పుడతాయి. చేతి వెనకభాగం ఆనించి చూడండి, చల్లగా తగిలితే ఇంకా తడి ఉన్నట్టే. రెండు ముక్కలు పక్కపక్కన పెట్టుకుని ఒకటి ఆరేలోపు రెండోది వేయడం అన్నిటికన్నా తేలిక.

ఎక్కువ బొమ్మలు మధ్యలోనే మూలపడతాయి. ఆరిన రంగు వెలుస్తుంది, ముదురు నీడలు ఇంకా పడలేదు, అంతా చప్పగా కనిపిస్తుంది. అప్పుడు రుద్దకండి. కళ్ళు సగం మూసి అన్నిటికన్నా నల్లగా ఉన్న చోటు వెతికి, అక్కడ చిక్కటి రంగు ఒక్కసారే పెట్టి వదిలేయండి. తర్వాత నచ్చకపోతే నచ్చకపోయింది. వెనక తేదీ, ఏం తప్పిందో ఒక్క ముక్క రాసి డబ్బాలో వేయండి. ఇన్‌స్టాలో పెట్టాలా వద్దా అన్నది నెలాఖరున చూసుకోవచ్చు.

రేపు ఏం వేయాలో ఈ రాత్రే తేల్చుకోండి. కాఫీ డబరా, క్యాన్ పంపు, చెప్పుల స్టాండు, ఏదైనా ఒక్కటి, వారమంతా అదే. చుట్టాలో జ్వరమో వచ్చి మూడు వారాలు తప్పిపోతే బాకీ తీర్చాలని కూర్చోకండి, రెండో రోజే అలసిపోతారు. మొదటి రోజు పది నిమిషాలు ఉత్త రంగు గళ్ళు నింపి లేవండి.

ఇంట్లో విసుగెత్తితే ఎగ్మోర్ మ్యూజియానికి వెళ్ళండి. మన అమరావతి శిల్పాలు అక్కడున్నాయి. దండల మెలికలు, మనుషుల గుంపుల్లో చేతుల వరసలు గీస్తే చేయి బాగా తిరుగుతుంది. రంగులు ఇంట్లో పెట్టి పెన్సిలు, చిన్న పుస్తకం మాత్రమే పట్టుకెళ్ళి, గీసుకోవచ్చా అని కౌంటరు దగ్గర ఓ మాట అడగండి. శుక్రవారం మాత్రం వెళ్ళకండి, సెలవు.