హాసెల్‌బ్లాడ్‌కి రెండో లెన్సు కొంటున్నారా? ముందు షట్టర్ చప్పుడు వినండి

పాత హాసెల్‌బ్లాడ్ 500సి/ఎం ఫిల్మ్ కెమెరా చేతికొచ్చాక 80 ఎంఎం లెన్సుతో సరిపెట్టుకున్నవాళ్లని నేను పెద్దగా చూడలేదు. నెల తిరక్కుండానే 150 ఎంఎం లెన్సు కావాలనిపిస్తుంది, తర్వాత 50, తర్వాత ఇంకో మ్యాగజైన్ (కెమెరా వెనక ఫిల్మ్ ఉండే పెట్టె), ప్రిజమ్ (కన్ను పెట్టి చూసే భాగం), ట్యూబులు (దగ్గరి ఫోకస్ కోసం బాడీకీ లెన్సుకీ మధ్య పెట్టేవి), అలా బీరువాలో ఒక అర నిండిపోతుంది. నేనూ నింపాను, అందులో సగం డబ్బు తగలేశాను, కాబట్టే ఇది రాస్తున్నా.

అన్నిటికంటే ముందు ఒకటి తెలుసుకోండి. ఈ కెమెరాలో షట్టర్ బాడీలో ఉండదు, ఏ లెన్సుకి ఆ లెన్సులోనే ఉంటుంది. బాడీ వెనక తలుపు రెక్కల్లాంటివి రెండు కనిపిస్తాయి గానీ, ఫిల్మ్ మీద వెలుతురు ఎంతసేపు పడాలో తేల్చేది అవి కాదు. అంటే జైస్ కంపెనీ లెన్సు గాజుతో పాటు నలభై, యాభై ఏళ్ల నాటి చిన్న గడియారం ఒకటి కొంటున్నట్టే లెక్క. 1957లో 500సితో పాటు వచ్చిన సి లెన్సుల్లో కాంపూర్ షట్టర్ ఉంటుంది, 1982లో మొదలైన సిఎఫ్ లెన్సుల్లో ప్రాంటర్. సి లెన్సులు చవక, చూడ్డానికీ ముచ్చటగా ఉంటాయి, కానీ కాంపూర్‌లో స్ప్రింగ్ విరిగితే స్పేర్ పార్టు కోసం తిరగాల్సి వస్తుంది. బడ్జెట్ ఉంటే సిఎఫ్ తీసుకోండి. లేదంటే సి కొనండి, తప్పేం లేదు, పరీక్ష మాత్రం గట్టిగా చేయండి.

నా మొదటి 150 సి లెన్సు గాజు అద్దంలా ఉంది. దాన్ని చూసే పడిపోయాను. ఇంటికి తెచ్చి షట్టర్‌ని ఒక సెకను దగ్గర పెట్టి కొడితే జ్‌ర్‌ర్‌ మని మొదలై మధ్యలో ఆగి, ఆలోచించుకుని, మళ్లీ కదిలింది. సర్వీసుకి అయిన ఖర్చు లెన్సు ధరలో సగం దాటింది.

అందుకే లెన్సుని బాడీకి తగిలించి 1 సెకను, 1/2, 1/4, 1/8 వరసగా కొట్టి వినండి. లోపలి పళ్ల చక్రాల చప్పుడు ఒకే తీరున సాగాలి, నత్తి కొట్టకూడదు. ఫోన్‌లో రికార్డ్ చేసుకుంటే ఒక సెకను నిజంగా సెకనేనా, ఒకటిన్నర అవుతోందా అన్నది తెలిసిపోతుంది. ఇంకో సంగతి, పదిసార్లు కొట్టాక ఎండిన గ్రీజు కాస్త వదులై షట్టర్ బుద్ధిగా పనిచేస్తుంది, కాబట్టి అమ్మేవాళ్లు వీడియో పంపితే రాత్రంతా కదపకుండా ఉంచి పొద్దున కొట్టిన మొదటి షాట్ పంపమని అడగండి.

ఇక గాజు. ఈ లెన్సు కాక్ చేసి (అంటే షట్టర్ స్ప్రింగ్ బిగించి సిద్ధంగా) ఉన్నప్పుడు షట్టర్ తెరిచే ఉంటుంది, కాబట్టి వెనక నుంచి ఫోన్ టార్చి వేసి ముందు నుంచి కాస్త ఏటవాలుగా చూడండి. సాలెగూడు పోగుల్లా ఉంటే ఫంగస్, మంచు పట్టినట్టుంటే హేజ్, అంచున ఇంద్రధనుస్సు రంగులు కనిపిస్తే గాజుల్ని అతికించిన జిగురు వదులుతోందని అర్థం, ఈ మూడోది ఉంటే నేనైతే ముట్టుకోను. దుమ్ము రేణువుల గురించి టెన్షన్ వద్దు. జపాన్ నుంచి తెప్పించుకునేవాళ్లు ప్రకటనలో ‘ఎక్సలెంట్’ పక్కన ఎన్ని ప్లస్సులున్నాయో లెక్కపెట్టకుండా కింద చిన్నక్షరాల్లో రాసింది చదవండి, ఫంగస్ సంగతి అక్కడే ఉంటుంది. కస్టమ్స్ డ్యూటీ కూడా కలిపి లెక్కేసుకోండి. లెన్సు నల్లగా ఉన్నంత మాత్రాన కొత్త కోటింగ్ (గాజు మీద మెరుపు తగ్గించే పూత) అనుకోవద్దు, ముందు భాగంలో ఎర్రటి టి, పక్కన నక్షత్రం గుర్తు ఉందో లేదో చూడండి.

లెన్సు తగిలించేటప్పుడు బాడీ, లెన్సు రెండూ కాక్ అయి ఉండాలి. లెన్సు వెనక గాడి ఉన్న చిన్న ఇరుసు ఉంటుంది, ఆ గాడి ఎర్ర చుక్క వైపు చూస్తుంటే కాక్ అయినట్టు. కాకపోతే స్క్రూడ్రైవర్‌తో గడియారం ముల్లు తిరిగే వైపు దాదాపు ఒక చుట్టు తిప్పండి, క్లిక్ మంటుంది. బిగుసుకుంటే బలవంతం చేయొద్దు. ఎక్స్‌టెన్షన్ ట్యూబు వాడేటప్పుడు ముందు ట్యూబు బాడీకి, తర్వాత లెన్సు ట్యూబుకి, తీసేటప్పుడు ముందు లెన్సు, తర్వాత ట్యూబు. ఈ వరస తప్పితే జామ్ అయ్యే అవకాశం ఎక్కువ. 150 లెన్సు 1.4 మీటర్ల కంటే దగ్గరికి ఫోకస్ కాదు కాబట్టి ముఖాలు తీసేవాళ్లకి చిన్న ట్యూబు ఒకటి నిజంగానే పనికొస్తుంది. పాత సి లెన్సుల్లో సెల్ఫ్ టైమర్ ‘వి’ గుర్తు జోలికి మాత్రం పోకండి, అక్కడ ఇరుక్కుంటే మొత్తం ఆగిపోతుంది.

మ్యాగజైన్ల దగ్గర మోసపోవడం చాలా సులువు. పెట్టె మీది నంబర్లో చివరి మూడంకెలు, లోపల ఫిల్మ్ చుట్టే ఇన్‌సర్ట్ మీది అంకెలు ఒకటే కావాలి. వేరైతే ఫ్రేముల మధ్య ఖాళీ సమంగా రాకపోవచ్చు, ధర తగ్గించమని అడగడానికి అది మంచి కారణం. నంబరు ముందున్న రెండక్షరాలు తయారైన సంవత్సరం: VHPICTURES అన్న పదంలో అక్షరాలకి వరసగా 1 నుంచి 9, చివరి ఎస్‌కి సున్నా. ఆర్‌హెచ్ అని ఉంటే 1982 అన్నమాట. ఎ12లో 120 ఫిల్మ్‌తో 12 చదరపు ఫ్రేములు వస్తాయి, ఎ24 చవగ్గా దొరికితే మురిసిపోకండి, అది 220 ఫిల్మ్‌ది, ఆ ఫిల్మ్ దొరకడమే గగనం. డార్క్ స్లైడ్ (ఫిల్మ్‌కి వెలుతురు తగలకుండా అడ్డం దూర్చే పలక) లేకుండా ఇచ్చే మ్యాగజైన్ వద్దు. ఫోటో అంచున తెల్లటి చార పడుతుంటే స్లైడ్ దూరే సందులోని ఫోమ్, రేకు అరిగాయని అర్థం. ఆ సీలు కిట్టు పెద్ద ఖర్చు కాదు, ఇంట్లో కూర్చుని మార్చుకోవచ్చు.

ఫిల్టర్లు, హుడ్లు కొనేముందు సైజు చూసుకోండి. 80, 150 సి లెన్సులకి బి50, సిఎఫ్‌లకి బి60, ఒకదానిది ఇంకోదానికి పట్టదు.

మా విశాఖ గాలిలో అసలు శత్రువు తేమ. పాత తోలు కేసుల్లో లెన్సులు పెట్టొద్దు, ఫంగస్‌ని మనమే పెంచినట్టవుతుంది. గాలి చొరబడని ప్లాస్టిక్ డబ్బా, తేమ చూపే చిన్న మీటరు, నీలం రంగు సిలికా జెల్ చాలు. మీటరు నలభై, యాభై శాతం మధ్య ఉంటే బాగు. జెల్ గులాబీ రంగుకి తిరిగితే వంటకి వాడని పాత మూకుడులో సన్నటి సెగ మీద నీలం వచ్చేదాకా వేడి చేసి, చల్లారాక మళ్లీ వేయండి. లెన్సుని కాక్ చేశాకే డబ్బాలో పెట్టాలి. నెలకోసారి తీసి బాడీకి తగిలించి అన్ని స్పీడ్ల దగ్గరా నాలుగైదుసార్లు కొట్టండి. మా ఇంట్లో ఇది ఆదివారం పొద్దున టీ తాగుతూ చేసే పని, ఫిల్మ్ లేకుండా ఏం ఫోటోలు తీస్తున్నావని ఇంట్లోవాళ్లు ఇప్పటికీ అడుగుతుంటారు.