పాత బిల్లింగ్ కోడ్‌ను మార్చే ముందు: టెస్టులు లేని చోట టెస్టులు రాయడం

టెస్టులు (కోడ్ ఇచ్చే ఫలితాన్ని తనంతట తానే సరిచూసే చిన్న ప్రోగ్రాములు) లేని పాత కోడ్‌లో చిన్న మార్పు అడిగితే చాలా టీముల్లో జరిగేది ఇదే: ఫంక్షన్ తెరుస్తారు, ఒక ఇఫ్ (షరతు) చేరుస్తారు, రెండు బిల్లులు స్క్రీన్ మీద చూసి డిప్లాయ్ చేసేస్తారు (వాడుకలోకి పంపేస్తారు). తప్పు జరిగేది ఎవరూ చూడని మూడో రకం బిల్లులో. అందుకే మార్పు మొదలుపెట్టే ముందే, ఆ కోడ్ ఇవాళ ఏం చేస్తోందో అలాగే పట్టి ఉంచే టెస్టులు రాయాలి. వీటినే క్యారెక్టరైజేషన్ టెస్టులంటారు. జీఎస్టీ లెక్కగట్టే ఫంక్షన్‌ మీద ఇది ఎలా చేయాలో చూద్దాం.

ముందు ఆ ఫంక్షన్‌ను టెస్టు నుంచి పిలవగలగాలి. పాత కోడ్‌లో ఒకే ఫంక్షన్ డేటాబేస్ చదువుతుంది, ఇవాళ్టి తేదీ తీసుకుంటుంది, పన్ను లెక్కేస్తుంది, మెయిల్ కూడా పంపుతుంది. ఇందులోంచి లెక్క భాగాన్ని మాత్రం ఐడీఈ (కోడ్ రాసే సాఫ్ట్‌వేర్)లోని ఎక్స్‌ట్రాక్ట్ మెథడ్ అనే సదుపాయంతో బయటికి తీయండి. తేదీని లోపల సిస్టమ్ గడియారం నుంచి తీసుకోకుండా పారామీటర్‌గా, అంటే బయటినుంచి అందించే విలువగా ఇవ్వండి. ఇంకా కాపు కాసే టెస్టులు లేవు కాబట్టి, ఈ దశలో ఒక్క షరతు కూడా చేత్తో మార్చకండి.

ఇప్పుడు మొదటి టెస్టు. ఫలితం సున్నా రావాలని కావాలనే తప్పుగా రాసి రన్ చేయండి. ఫెయిలై, అసలు వచ్చిన విలువ చూపిస్తుంది. ఆ విలువనే టెస్టులో పెట్టండి. డాక్యుమెంట్‌లో ఏముందో, మీకు ఏది సబబుగా తోస్తుందో ఇక్కడ అనవసరం.

ఇన్‌పుట్‌ల ఎంపికలోనే పనితనమంతా ఉంది. 100, 1000 లాంటి గుండ్రటి అంకెలతో ఎన్ని టెస్టులు రాసినా దండగే. 333.30 రూపాయలు ఇచ్చి చూడండి. 18 శాతం ఒకేసారి లెక్కేస్తే 59.994, అంటే 59.99. అదే కేంద్రం వాటా సీజీఎస్టీ, రాష్ట్రం వాటా ఎస్‌జీఎస్టీ 9 శాతం చొప్పున విడివిడిగా లెక్కేస్తే ఒక్కొక్కటి 29.997, అంటే 30.00, రెండూ కలిపితే 60.00. పైసా తేడా వచ్చింది. మీ కోడ్ ముందు రౌండ్ చేసి తర్వాత కూడుతోందా, కూడాక రౌండ్ చేస్తోందా అన్నది ఈ ఒక్క టెస్టు పట్టిస్తుంది. కోడ్‌ను ‘శుభ్రం’ చేసేవాళ్లు తెలియకుండా మార్చేసేది సరిగ్గా ఈ వరుసనే.

తర్వాత సరుకు వాపసు వచ్చినప్పుడు ఇచ్చే క్రెడిట్ నోట్. 50.50 రూపాయల మీద 9 శాతం అంటే 454.5 పైసలు. జావా, జావాస్క్రిప్ట్‌లలో మ్యాథ్ రౌండ్ అనే ఫంక్షన్ దీన్ని 455 చేస్తుంది, క్రెడిట్ నోట్‌లో వచ్చే మైనస్ 454.5ను మాత్రం మైనస్ 454 చేస్తుంది. బిల్లూ, దాని రద్దూ కలిపితే సున్నా రాదు. పైథాన్‌లో రౌండ్ ఇంకో తీరు: సరిగ్గా సగం దగ్గర సరి సంఖ్య వైపు మొగ్గుతుంది, 2.5కి 2 ఇస్తుంది. కోడ్‌ను ఒక భాషలోంచి ఇంకో భాషలోకి తెచ్చేటప్పుడు ఈ మూడు విలువలకూ టెస్టులు ఉండి తీరాలి.

తేదీల్లో మార్చి 31, ఏప్రిల్ 1 వదలకండి. సర్వర్ యూటీసీలో (ప్రపంచ ప్రామాణిక సమయంలో) నడుస్తుంటే, మన కాలమానం అయిదున్నర గంటలు ముందుంటుంది. ఏప్రిల్ 1 తెల్లవారుజామున 2 గంటలకు చేసిన బిల్లు సర్వర్ లెక్కలో మార్చి 31 రాత్రి 8:30. బిల్లు నంబరు పాత ఆర్థిక సంవత్సరంలోకి పోతుంది. ల్యాప్‌టాప్‌లో పాసై బిల్డ్ సర్వర్‌లో (టీము కోడంతా కలిపి టెస్టులు నడిపే యంత్రంలో) టెస్టులు ఫెయిలవడానికి ఇదీ ఒక కారణం. టెస్టులో టైమ్ జోన్‌ను స్పష్టంగా పేర్కొనండి.

ఈ దారిలో బగ్గులు కచ్చితంగా బయటపడతాయి. అప్పటికప్పుడు సరిచేయకండి. ఆ తప్పు విలువనే టెస్టులో ఉంచి, టెస్టు పేరులోనే ‘అనుమానం’ అని రాసి, టికెట్ వేసి (టీము పనుల జాబితాలో నమోదు చేసి), అకౌంట్స్ వాళ్లను అడగండి. ఆ పైసా తేడాను సర్దే కోడ్ ఇంకెక్కడో ఇప్పటికే ఉండొచ్చు.

టెస్టులు నిజంగా కాపలా కాస్తున్నాయా? కవరేజీ శాతం ఆ మాట చెప్పదు. లైను నడిచిందని చెబుతుంది గానీ, ఫలితాన్ని ఎవరైనా సరిచూశారని కాదు. అసలు కోడ్‌లో ఒక ‘కంటే ఎక్కువ’ గుర్తును ‘ఎక్కువ లేదా సమానం’ చేసి టెస్టులు రన్ చేయండి. ఏదీ ఫెయిల్ కాకపోతే ఆ హద్దు దగ్గర టెస్టు లేనట్టే. ఒకటి రాసి, కోడ్‌ను యథాతథంగా పెట్టండి. ముఖ్యమైన ప్రతి షరతుకూ ఇలా చేయాలి. విసుగు పుట్టించే పనే, కానీ దీన్ని మానేస్తే పైన చేసిందంతా నమ్మకం మీద నడుస్తుంది.

మొత్తం బిల్లును ఫైలుగా దాచి పోల్చే స్నాప్‌షాట్ పద్ధతి త్వరగా అవుతుంది. అందులో ముద్రణ సమయం, యాదృచ్ఛిక ఐడీలు ఉంటే రోజూ ఫెయిలవుతుంది. రోజూ ఫెయిలయ్యే టెస్టుకు జనం చూడకుండానే అప్‌డేట్ కొట్టి, కొత్త ఫలితాన్నే సరైనదిగా దాచేస్తారు. అలాంటి ఫీల్డులను స్థిర విలువలతో నింపాకే పోల్చండి.

ఇక కోడ్ సర్దడం. పేరు మార్చి, టెస్టులు రన్ చేసి, కమిట్ (ఆ మార్పును కోడ్ చరిత్రలో భద్రపరచడం). ఫంక్షన్ విడగొట్టి, రన్ చేసి, కమిట్. ఫెయిలైతే వెతుక్కుంటూ కూర్చోకుండా చివరి కమిట్‌కు వెనక్కి వెళ్లండి. పోయేది కొద్ది నిమిషాల పనే. సర్దుబాటు, కొత్త ప్రవర్తన ఒకే కమిట్‌లో కలవకూడదు. కలిస్తే రివ్యూ చేసేవారికి ఏ లైను లెక్కను మార్చిందో తెలియదు.

స్ప్రింట్ ప్లానింగ్‌లో, అంటే టీము రాబోయే కొద్ది వారాల పని నిర్ణయించుకునే చోట, ఈ టెస్టులకు వేరే స్టోరీ (విడి పని) పెట్టకండి. వేరుగా ఉన్నదాన్ని గడువు దగ్గరపడగానే ముందు పక్కన పెడతారు. అడిగిన మార్పు ఎస్టిమేట్‌లోనే కలిపి చెప్పండి. ప్రొడక్ట్ ఓనర్ (ఏ పని ముందు చేయాలో నిర్ణయించే వ్యక్తి) అంత సమయం ఎందుకని అడిగితే, 333.30 బిల్లును రెండు రకాలుగా లెక్కేసి ఆయన ముందు పెట్టండి.