చిన్న రష్యన్ వాక్యాన్ని తెలుగు బుర్రతో విప్పడం ఎలా

బ్రాడీపేటలోనో బెంజి సర్కిల్ దగ్గరో ఏదో ఒక కన్సల్టెన్సీలో రష్యాలో ఎంబీబీఎస్‌కి డబ్బు కట్టేసి, వీసా వచ్చేలోపు నాలుగు ముక్కలు నేర్చుకుందామని కూర్చునే మన పిల్లలు దాదాపు అందరూ ముందు ఇంగ్లీషులో చెప్పే రష్యన్ వీడియో పెట్టుకుని "ఆరు కేసులా బాబోయ్" అని టెన్షన్ పడతారు. క్లాసు ఇంగ్లీషులో జరిగినా వార్డులో పేషెంటు మాట్లాడేది రష్యనే, కాబట్టి తప్పించుకునే దారి లేదు. కేసు అంటే విభక్తి, అంతే. ఇంగ్లీషును కాసేపు పక్కన పెట్టి తెలుగులోంచి నేరుగా వెళ్ళండి, సగం భయం అక్కడే పోతుంది. మిగతా సగానికి కష్టపడాల్సిందే, అబద్ధం చెప్పను.

అక్షరాలు 33. అవి రోజూ రాస్తే వచ్చేస్తాయి, వాటి గురించి ఇక్కడ చెప్పను. ఒక్కటి మాత్రం గుర్తుంచుకోండి: ఒత్తి పలకని చోట 'ఓ' అని రాసి ఉన్నా 'అ' అనే పలుకుతారు. పాలను 'మొలొకో' అని రాసి 'మలకో' అంటారు. కింద నేను తెలుగులో రాసేది పలికే తీరు, ఉజ్జాయింపుగా.

ముందు తేలికైనవి. 'యా స్తుద్యెంత్' అంటే నేను స్టూడెంట్‌ని. 'ఎత క్నీగ' అంటే ఇది పుస్తకం. మధ్యలో క్రియ ఏదని వెతక్కండి, వర్తమానంలో మనకీ ఉండదు, వాళ్ళకీ ఉండదు. ఏ, ద లాంటి ఆర్టికల్స్ అసలే లేవు. 'ఉ మిన్యా యేస్త్ క్నీగ' అంటే నా దగ్గర పుస్తకం ఉంది. 'మ్న్యె ఖోలద్న' అంటే నాకు చలిగా ఉంది. 'మ్న్యె ద్వాత్సత్ ల్యెత్' అంటే నాకు ఇరవై ఏళ్ళు. చలి, వయసు, నచ్చడం, ఇవన్నీ 'నాకు' తోనే నడుస్తాయి కాబట్టి 'యా' అని మొదలుపెట్టారంటే ఇంగ్లీషు లోపలికి దూరినట్టే.

ఇప్పుడు అసలు వాక్యం, దీన్ని నోట్‌బుక్‌లో రాసుకోండి:

యా కుపీల నోవుయు క్నీగు వ్ గుంతూర్యె.

నేను గుంటూరులో కొత్త పుస్తకం కొన్నాను. (రష్యన్‌లో మన 'ట' లేదు, అందుకే ఊరు గుంతూర్ అయింది.)

ఎప్పుడూ ముందు క్రియను పట్టుకోండి. 'కుపీల' అని ఉంది కాబట్టి మాట్లాడుతున్నది అమ్మాయి. అబ్బాయైతే 'కుపీల్'. మనకు కొన్నాడు, కొన్నది అని మూడో మనిషి దగ్గరే తేడా వస్తుంది, 'కొన్నాను' అమ్మాయికీ అబ్బాయికీ ఒకటే. వాళ్ళకు భూతకాలంలో 'నేను' అన్నా తేడానే. వర్తమానంలో మాత్రం తిరగబడుతుంది: చదువుతున్నాడు, చదువుతోంది రెండింటికీ 'చితాయిత్' ఒక్కటే.

తర్వాత 'క్నీగు'. మామూలుగా 'క్నీగ', కొన్న వస్తువు అయ్యేసరికి చివర 'ఉ' వచ్చింది. రష్యన్‌లో ప్రాణం లేని వాటికీ లింగం ఉంటుంది, పుస్తకం ఆడ, టేబుల్ మగ. హల్లుతో ముగిస్తే మగ, 'అ' తో ముగిస్తే ఆడ, 'ఓ' తో ముగిస్తే నపుంసకం అనుకుంటే చాలావరకు సరిపోతుంది, కానీ ఇది రాతను చూసి చెప్పాలి, ఎందుకంటే చెవికి ఆ 'ఓ' చాలాసార్లు 'అ' లాగే వినపడుతుంది. (అన్నట్టు వాళ్ళ భాషలో 'పాప' అంటే నాన్న. 'అ' తో ముగిసినా మగే.) ఈ లెక్కన గుంటూరు మగ, విజయవాడ ఆడ.

మగ పదాల దగ్గర మనకు భలే కలిసొస్తుంది. 'టేబుల్ కొన్నాను' అంటాం, 'ని' పెట్టం. 'అన్నయ్య చూశాను' అని మాత్రం ఎవరూ అనరు, 'అన్నయ్యని' అనాల్సిందే. రష్యన్‌లోనూ అంతే: 'యా కుపీల్ స్తోల్', టేబుల్ మారలేదు. 'యా వీజు బ్రాత', అన్నయ్య 'బ్రాత్' నుంచి 'బ్రాత' అయ్యాడు. ప్రాణం ఉంటే మారుతుంది, లేకపోతే లేదు. ఇంగ్లీషు పుస్తకంలో ఇది పెద్ద రూలులా కనిపిస్తుంది.

మనవాళ్ళు జారిపడేది 'నోవుయు' దగ్గర. కొత్త పుస్తకం, కొత్త పుస్తకంలో, కొత్త పుస్తకానికి అని ఎన్ని అన్నా మన 'కొత్త' కదలదు. వాళ్ళ 'కొత్త' పక్కనున్న నామవాచకం ఎటు వెళ్తే అటు వెళ్తుంది: 'నోవయ క్నీగ', 'నోవుయు క్నీగు', 'వ్ నోవయ్ క్నీగ్యె'. దీనికి అడ్డదారి లేదు. విశేషణాన్ని విడిగా బట్టీ పట్టకండి, ఎప్పుడూ పక్కన నామవాచకం తగిలించి జంటగానే పైకి చదవండి.

చివర 'వ్ గుంతూర్యె', అంటే గుంటూరులో. అదే గుంటూరు వెళ్తున్నా అంటే 'యా యేదు వ్ గుంతూర్', మనం ప్రత్యయం పెట్టనట్టే అక్కడా చివర ఏమీ రాదు. విజయవాడ ఆడ కాబట్టి ఉండేటప్పుడు 'వ్ విజయవాద్యె', వెళ్ళేటప్పుడు 'వ్ విజయవాదు'. మన 'తో' కూడా అక్కడ రెండుగా విడిపోతుంది: పెన్నుతో రాయడం ఉత్త 'రూచ్కయ్', పాలతో టీ అంటే ముందు 'స్' పెట్టి 'చాయ్ స్ మలకోమ్'.

బళ్ళో డు ము వు లు బట్టీ పట్టినవాళ్ళు ఆ నంబర్లను ఇక్కడ అతికించకండి. మన షష్ఠిలో 'కు', 'యొక్క' రెండూ ఉన్నాయి, రష్యన్‌లో అవి వేరు వేరు కేసులు. నంబర్ల బదులు ప్రశ్న వేయండి: ఎవరు అంటే 'క్తో', ఎవరిని, ఎవరి అంటే 'కవో' (ప్రశ్న ఒకటే అయినా కేసులు రెండు), ఎవరికి అంటే 'కమూ', ఎవరితో అంటే 'స్ క్యెమ్'. వాక్యంలో ఒక్కో మాటకు ఏ ప్రశ్న సరిపోతుందో అదే దాని కేసు.

ఇలా చివరలు పని చూసుకుంటాయి కాబట్టి మాటల వరుస మార్చినా కొంప మునగదు. 'వ్యెర ల్యూబిత్ ఇవాన' అన్నా, 'ఇవాన ల్యూబిత్ వ్యెర' అన్నా ప్రేమిస్తున్నది వ్యెరే. రెండోదాంట్లో ఒత్తు ఆ అమ్మాయి మీద. మనం ఒత్తి చెప్పేదాన్ని క్రియకు ముందు పెడతాం, వాళ్ళు సాధారణంగా వాక్యం చివర పెడతారు.

లేదు, కాదు తేడా ఇంగ్లీషులో కుదరదు గానీ ఇక్కడ బాగానే కుదురుతుంది. 'న్యెత్' మన 'లేదు' లాగే జవాబుకీ పనికొస్తుంది, వస్తువు లేదనడానికీ పనికొస్తుంది: 'ఉ మిన్యా న్యెత్ క్నీగి', నా దగ్గర పుస్తకం లేదు. లేని వస్తువు 'ఎవరి' అనే అర్థమున్న 'కవో' కేసులోకి వెళ్తుంది, అందుకే 'క్నీగు' కాదు, 'క్నీగి'. 'కాదు' అనాలంటే 'నీ': 'యా నీ స్తుద్యెంత్'. క్రియ ముందూ ఇదే, 'యా నీ చితాయు', నేను చదవడం లేదు.

ఇప్పుడు పై వాక్యాన్ని మార్చి రాయండి: అబ్బాయి, కొత్త టేబుల్, విజయవాడలో. 'యా కుపీల్ నోవియ్ స్తోల్ వ్ విజయవాద్యె' అని వచ్చిందా? టేబుల్ తీసేసి అక్కను పెట్టండి, క్రియ 'చూశాను' చేయండి. అక్క అంటే 'సిస్త్రా', అబ్బాయి 'చూశాను' అంటే 'వీద్యెల్'. 'యా వీద్యెల్ సిస్త్రూ వ్ విజయవాద్యె' రావాలి.