ప్రార్థన మరీ సాఫీగా సాగుతోందా? ఒకసారి చూసుకోండి

హనుమకొండలో మా వీధి గృహకూడిక. నేను ప్రార్థన చేస్తూ మధ్యలో కళ్ళు తెరిచాను (తప్పే). ఎదురుగా కూర్చున్న నా తొమ్మిదేళ్ళ కూతురు నాకంటే అర మాట ముందే పెదవులు కదుపుతోంది. నేను "నీ రెక్కల నీడలో" అనేసరికి తను "కాచి కాపాడి" దగ్గరుంది. ఇంటికొచ్చాక అడిగితే, "రోజూ గదే గదా డాడీ" అంది.

ఆత్మీయ మత్తు ఇలాగే ఉంటుంది. పాపంలో పడ్డవాడికి పడ్డానని తెలుస్తుంది. ఇందులో అన్నీ బాగానే నడుస్తుంటాయి, అందుకే తెలియదు.

లక్షణం: ప్రార్థన తడుముకోకుండా వస్తుంది, కానీ అరగంట తర్వాత ఏం అడిగామో గుర్తుండదు.

కారణం: టైం లేకపోవడం అనుకుంటాం. నా అనుభవంలో అది కాదు. జవాబు వచ్చినా రాకపోయినా తేడా పడని సంగతులే అడుగుతున్నాం. "అందరినీ దీవించు ప్రభువా" అంటే, దీవించాడో లేదో ఎవరు చూస్తారు? కంఠతా వచ్చిన ప్రార్థనే తప్పని మాత్రం అనను. కాజీపేట ఫాతిమా చర్చిలో జపమాల తిప్పుతూ కళ్ళనీళ్ళు పెట్టుకునే పెద్దమ్మలను చూశాను. మాటలు పాతవే, అడిగేది మాత్రం నిజంగా అడుగుతున్నారు.

ఏం చేయాలి: గోడ క్యాలెండర్‌లో ఈరోజు గడిలో ఒక్క పేరు, ఒక్క అవసరం రాయండి. "చెల్లె కొడుకు, కోచింగ్ ఫీజు." ముందు దాని గురించే అడగండి, మిగతావన్నీ తర్వాత. నెలాఖరుకు వెనక్కి తిరిగి చూడండి. మొదటి వారం మాటలు దొరకవు, తడబడతారు. తడబడనివ్వండి.

లక్షణం: సంఘంలో పని పెరిగింది, ఒంటరిగా వాక్యం చదవడం తగ్గింది. క్వయర్, సండే స్కూల్, కమిటీ, పొద్దున్నే గ్రూపులో వాగ్దాన వచనం ఫార్వర్డ్ చేయడం. బైబిలు తెరిస్తే అది ఎవరికో చెప్పడానికే.

కారణం: పూడిక. పాకాల, రామప్ప, లక్నవరం చెరువులున్న నేలలో పుట్టినవాళ్ళకు ఇది వివరించక్కర్లేదు. పూడిక నిండిన చెరువు చిన్న వానకే మత్తడి (అలుగు) దూకుతుంది. చూసేవాళ్ళు "అబ్బ, నిండింది" అంటారు. లోపల నిలిచిన నీళ్ళెన్నో ఎండాకాలంలో తూము తెరిస్తే గానీ తెలియదు. స్టేజీ మీద మనం ఒక్క పాటకే పొంగిపోతున్నామంటే లోతు ఉందని కాదు, లోతు తగ్గిందేమో కూడా.

ఏం చేయాలి: ఒక బాధ్యత మూడు నెలలు ఇంకొకరికి అప్పగించండి. "నేను లేకపోతే ఆగిపోతుంది" అనిపిస్తే ముందుగా దాన్నే అప్పగించండి. మార్కు సువార్త 16 అధ్యాయాలు, రోజుకొకటి. నోట్సు రాయొద్దు, స్టేటస్ పెట్టొద్దు. చదువుతుంటే పాత కక్షలు, దాచిన అప్పులు, ఎగ్గొట్టిన మాటలు పైకి తేలతాయి. 2015లో చెరువుల పూడిక తీసే ప్రభుత్వ పథకం మిషన్ కాకతీయ మొదలైనప్పుడు చెరువు మట్టిని ట్రాక్టర్లతో పొలాలకు తోలుకున్నారు గుర్తుందా? మట్టిని కట్ట మీదే కుప్ప పోస్తే మళ్ళీ వానకు లోపలికే జారుతుంది. పైకొచ్చినదాన్ని కూడా అలా వదిలేయొద్దు. అప్పుంటే కట్టండి. మాట్లాడటం మానేసిన తమ్ముడికి ఫోన్ చేయండి.

లక్షణం: ఎవరైనా పాపంలో పడిపోయారని వింటే బాధకంటే ముందు "మనం అలా కాదులే" అనిపించడం.

కారణం: కొదువ లేకపోవడం. ఇప్పటి టర్కీలో ఉన్న లవొదికయ క్రీ.శ. 60లో భూకంపానికి కూలితే రోము సాయం లేకుండా సొంత డబ్బుతోనే మళ్ళీ కట్టుకున్న ఊరు. "నాకేమీ కొదువ లేదు" అనుకుంటున్నావని బైబిల్లోని ప్రకటన గ్రంథం 3వ అధ్యాయంలో మందలింపు పడింది ఆ ఊరి సంఘానికే. తర్వాత రాజైన దావీదు కూడా గుహల్లో దాక్కుని తిరిగిన రోజుల్లో ఇలా పడలేదు. సైన్యాన్ని యుద్ధానికి పంపి తాను యెరూషలేములో ఉండిపోయిన ఏడాదే పరాయివాడి భార్య బత్షెబతో పాపంలో పడ్డాడు.

ఏం చేయాలి: మిమ్మల్ని ప్రశ్న అడిగే హక్కు ఒక్కరికి ఇవ్వండి. పాస్టరయ్యగారికే ఇవ్వాలని లేదు, మీ మొహమాటం తెలిసిన స్నేహితుడు చాలు. నన్ను మా వాడు శనివారం సాయంత్రం చాయ్ దగ్గర అడుగుతాడు: "ఈ వారం ఫోన్‌లో ఏం చూసినవ్? ఇంట్ల ఎవరి మీద అరిచినవ్?" రెండోదానికే నేను ఎక్కువసార్లు దొరికిపోతాను.

పైవేవీ వాడకూడని చోటు ఒకటుంది. ఇంట్లో చావు జరిగినప్పుడు, కాన్పు తర్వాత, ఉద్యోగం పోయినప్పుడు కూడా ప్రార్థన రాదు, పాట రాదు. అది మత్తు కాదు, అలసట. "ఎందుకు రావట్లేదు దేవా" అని కుమిలేవాడికి దాహం ఉన్నట్టే. అలాంటివాళ్ళకు ఉపవాసం చెప్పకండి. ఏలీయా ప్రవక్త చచ్చిపోతానని బదరీ చెట్టు కింద పడుకుంటే దేవదూత ముందు రొట్టె, నీళ్ళు పెట్టి మళ్ళీ నిద్రపోనిచ్చాడు. మీరూ అన్నం తీసుకెళ్ళండి, పక్కన కూర్చోండి. వారాల తరబడి నిద్ర, ఆకలి లేకపోతే డాక్టరు దగ్గరికి తోడు వెళ్ళండి.