బ్రినెల్ హార్డ్‌నెస్ టెస్ట్: గుంటను సరిగ్గా కొలవడం ఎలా?

స్వీడన్‌లో ఫాగెర్స్టా ఇనుప కర్మాగారం చీఫ్ ఇంజినీర్ యోహాన్ ఆగస్ట్ బ్రినెల్ 1900లో పారిస్ ప్రదర్శనలో చూపించిన పద్ధతి ఇది. లోహం ఎంత గట్టిదో (హార్డ్‌నెస్) తెలుసుకోవడానికి గట్టి బంతిని దానిలోకి నొక్కి, పడిన గుంట వెడల్పు కొలవాలి. గుంట ఎంత చిన్నదైతే లోహం అంత గట్టిది.

జాబ్ (పరీక్షించే ముక్క) మీద పొట్టు, తుప్పు పోయేలా గ్రైండ్ చేసి ఎమరీ పేపర్‌తో రుద్దండి. గ్రైండింగ్‌లో నీలం రంగు వచ్చేంత వేడెక్కనివ్వకండి, పైపొర గుణమే మారిపోతుంది. స్టీలు, పోత ఇనుముకైతే 10 మి.మీ. కార్బైడ్ బంతి, 3000 కిలోల లోడ్. 10 నుంచి 15 సెకన్లు ఆగి లోడ్ తీసేయండి. గుంట అంచుకు దగ్గరగా పడకూడదు.

అసలు పని ఇక్కడే మొదలవుతుంది. చాలామంది మైక్రోస్కోప్‌ను గుంట మీద పెట్టి, ఒక్కసారి చూసి, అంకె రాసేస్తారు. గుంట 4.0 మి.మీ. ఉంటే హార్డ్‌నెస్ 229. అదే 3.9 అయితే 241. తేడా వెంట్రుక మందమే! డ్రాయింగ్‌లో గరిష్ఠం 229 అని ఉన్న కాస్టింగ్‌లను ఇలాగే 4.0 అని చదివి పాస్ చేశాం. మెషిన్ షాపులో డ్రిల్ బిట్లు వరసగా విరిగాక మళ్లీ కొలిస్తే 3.9 వచ్చింది.

కాబట్టి తొందర వద్దు. లైటు ఒక పక్క నుంచే పడితే అవతలి అంచు నీడలో కలిసిపోతుంది, లైటు తిప్పి చూడండి. గుంట చుట్టూ లోహం కాస్త ఉబ్బుతుంది. ఆ ఉబ్బు వెలుపలి గీతను కాదు, గుంట మొదలయ్యే అంచును పట్టుకోవాలి. స్కేల్ సున్నాను ఎడమ అంచుకు తాకించి కుడి అంచు చదవండి. తర్వాత మైక్రోస్కోప్‌ను 90 డిగ్రీలు తిప్పి మళ్లీ చదివి, రెండింటి సగటు తీయండి. రెండూ బాగా తేడాగా వస్తే జాబ్ వాలుగా కూర్చుందన్నమాట. ఆ గుంటను వదిలేసి ఇంకోచోట కొట్టండి. ఇంకొకరి చేత కూడా చదివించాకే రిపోర్ట్ రాయాలి.

గట్టిదనం కొలిచే ఇంకో టెస్ట్ రాక్‌వెల్ త్వరగా అవుతుందని అంటారు, నిజమే. కానీ గ్రే కాస్ట్ ఐరన్ మీద దాని చిన్న మొన గ్రాఫైట్ రేకు మీద పడితే రీడింగ్ పడిపోతుంది. 10 మి.మీ. బంతి కింద రేకులూ ఇనుమూ కలిసే నలుగుతాయి. పోత పనికి బ్రినెల్ తప్ప ఇంకోటి వద్దు.

రిపోర్ట్‌లో 229 అని ఊరుకోకుండా ‘229 హెచ్‌బీడబ్ల్యూ 10/3000’ అని బంతి, లోడ్‌తో సహా రాయండి. హెచ్‌బీడబ్ల్యూ అంటే కార్బైడ్ బంతితో తీసిన బ్రినెల్ అంకె.